ఇంగ్లీషులో "విల్" ఎక్కడ రాయాలి, ఎక్కడ మానేయాలి? మెయిల్‌లో తప్పు దొర్లింది, సాయం కావాలి

అందరికీ నమస్కారం. ఈ దేశానికి వచ్చి రెండు నెలలైంది, ఉద్యోగంలో చేరి ఆరు వారాలు. ఇలాంటి గ్రామర్ ప్రశ్న ఇక్కడ అడగొచ్చో లేదో తెలియదు, ఏమనుకోకండి.

మొన్న మా టీమ్ లీడ్‌కి మెయిల్ పెట్టాను: "వెన్ యూ విల్ కంప్లీట్ ద రివ్యూ, ఐ విల్ స్టార్ట్ టెస్టింగ్." మీరు రివ్యూ పూర్తి చేశాక నేను టెస్టింగ్ మొదలుపెడతానని నా ఉద్దేశం. ఆయన నుంచి ఒక్క ముక్క జవాబు వచ్చింది: "ఫ్రైడే." నేను తేదీ అడిగాననుకున్నారు. చేరి నిండా రెండు నెలలు కాలేదు, అప్పుడే తొందరపెడుతున్నాడని అనుకున్నారేమోనని రాత్రంతా టెన్షన్. పక్క సీటు కొలీగ్ చూసి, అక్కడ విల్ రాకూడదన్నాడు. ఎందుకని అడిగితే "వినడానికి బాగోలేదు" అన్నాడు, అంతే. జరగబోయే పనే కదా, విల్ లేకుండా ఎలా? ఇఫ్, వెన్, అంటిల్, బికాజ్ లాంటి వాటి తర్వాత విల్, కెన్, వుడ్ ఎప్పుడు వేయాలో కాస్త చెప్తారా?

*

తమ్ముడూ, నువ్వు అనేస్తున్నాను, ఏమనుకోకు. నేను వచ్చిన కొత్తలో ఇదే తప్పు ఏడాది పాటు రాశాను, ఒక్కరూ చెప్పలేదు. నీకు ఆరో వారంలోనే చెప్పిన కొలీగ్ దొరికాడు, అదృష్టవంతుడివి.

ఆయన కారణం చెప్పలేకపోయాడని తప్పు పట్టకు. పుట్టిన దగ్గర్నుంచి మాట్లాడే భాషలో కారణాలు ఎవరికీ తట్టవు. "రేపు వచ్చినప్పుడు ఇస్తాను" అంటాం. రావడం రేపు కదా, మరి "వచ్చిన" అని అయిపోయినట్టు ఎందుకంటున్నామో ఎప్పుడైనా ఆలోచించావా?

కిటుకు అక్కడే ఉంది. "ఆయన రాగానే చెప్తాను" అన్నప్పుడు రెండూ ఇంకా జరగాల్సిన పనులే. కానీ జరగబోతోందన్న సంగతి "చెప్తాను"లో మాత్రమే కనిపిస్తుంది. "రాగానే"లో కాలం లేదు, ఎవరన్నదీ లేదు. ఇంగ్లీషూ అచ్చం అలాగే చేస్తుంది: "యాజ్ సూన్ యాజ్ హీ కమ్స్, ఐ విల్ టెల్ హిమ్." విల్ ఒక్కసారే. తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లీషు పాడవుతుందని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోశారు కానీ, ఇక్కడ మాత్రం తెలుగే గట్టెక్కిస్తుంది.

రాసే ముందు ఆ ముక్కను తెలుగులో అనుకో. క్రియ చివర డు, ను, రు, వు లాంటివి ఉన్నాయేమో చూడు. వస్తే, వచ్చాక, రాగానే, వచ్చేదాకా, వచ్చేసరికి, వచ్చినా, వస్తే తప్ప: వీటిలో వేటికీ ఆ తోక లేదు. కాబట్టి విల్ వద్దు. ఇఫ్ హీ కమ్స్, ఆఫ్టర్ హీ కమ్స్, అంటిల్ హీ కమ్స్, బై ద టైమ్ హీ కమ్స్, ఈవెన్ ఇఫ్ హీ కమ్స్, అన్‌లెస్ హీ కమ్స్. అదే "వస్తాడు కాబట్టి", "వస్తాడు కానీ", "వస్తాడో రాడో", "వస్తాడని" అన్నప్పుడు డు ఎదురుగా కనిపిస్తోంది. అక్కడ నిర్భయంగా రాసుకో: బికాజ్ హీ విల్ కమ్, బట్ హీ విల్ కమ్, వెదర్ హీ విల్ కమ్, దట్ హీ విల్ కమ్.

ఇప్పుడు నీ మెయిల్ సంగతి. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడు. "లెట్ మీ నో వెన్ యూ ఫినిష్" అంటే పూర్తయ్యాక చెప్పండి అని. "లెట్ మీ నో వెన్ యూ విల్ ఫినిష్" అంటే ఎప్పటికి పూర్తి చేస్తారో చెప్పండి అని. రెండూ సరైనవే, కానీ మొదటిదానికి జవాబు పని అయ్యాక వస్తుంది, రెండోదానికి తేదీ ఇప్పుడే వస్తుంది. వెన్ పక్కన విల్ కనపడగానే మీ లీడ్‌కి అది "చేస్తారో"లా వినపడింది, ఫ్రైడే అన్నారు. పాపం, నువ్వు అడిగావనుకున్నదానికే జవాబిచ్చారు.

ఇఫ్ కూడా ఇంతే. "ఐ విల్ కాల్ యూ ఇఫ్ హీ కమ్స్", వస్తే. "ఐ డోంట్ నో ఇఫ్ హీ విల్ కమ్", వస్తాడో లేదో.

ఇదంతా జరగబోయేదాన్ని చెప్పే విల్ గురించే. కెన్, మస్ట్, షుడ్‌లకు ఈ అడ్డు లేదు. "ఇఫ్ యూ కెన్ కమ్", "వెన్ యూ కెన్" అని హాయిగా రాయొచ్చు.

*

అక్కా, చిట్కా బాగుంది, కానీ రెండు చోట్ల బెడిసికొడుతోంది. మా మేనేజర్ "ఇఫ్ యూ విల్ వెయిట్ ఎ మొమెంట్" అంటుంది, "ఇఫ్ యూ వుడ్ సెండ్ మీ ద ఫైల్" అని రాస్తుంది. ఆవిడ పుట్టి పెరిగింది ఇంగ్లీషులోనే. రెండోది, "మీరు చూసుకునేలా పంపుతున్నాను" అంటాం. "చూసుకునేలా"లో మీ డు, ను, రు ఏవీ లేవు. అయినా "సో దట్ యూ కెన్ చెక్" అనే రాయాలి కదా?

*

బాగా పట్టుకున్నావు.

మొదటిదానికి కారణం ఉంది. విల్ అనే మాటకు పాత ఇంగ్లీషులో అర్థం కోరుకోవడం. షల్‌కి బాకీ పడి ఉండటం, కెన్‌కి తెలిసి ఉండటం. (నాకు ఇలాంటివి చదవడం పిచ్చి, క్షమించేయండి.) ఆ పాత వాసన "ఇఫ్ యూ విల్"లో ఇంకా మిగిలి ఉంది. అక్కడ విల్ అంటే "మీకు అభ్యంతరం లేకపోతే" అని, ఎదుటివాళ్ల ఇష్టాన్ని అడగడం. కాబట్టి మనుషుల్ని మర్యాదగా అడిగేటప్పుడు పనికొస్తుంది. "ఇఫ్ ఇట్ విల్ రెయిన్ టుమారో" కుదరదు, వానను బతిమాలుకోం కదా.

సో దట్ దగ్గర నా చిట్కా ఓడిపోయినట్టే, ఒప్పుకుంటున్నాను. దాని తర్వాత కెన్, విల్ లాంటిదొకటి సాధారణంగా ఉంటుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ముందు పని అయిపోయినదైతే ఇదీ మారుతుంది: "ఐ సెంట్ ఇట్ సో దట్ దే కుడ్ చెక్." హూ, విచ్‌ల జోలికి కూడా ఈ చిట్కా తీసుకెళ్లకండి. "రేపు వచ్చే మనిషి"లో తోక లేకపోయినా "ద పర్సన్ హూ విల్ కమ్" సరైనదే.

*

అక్కా, చాలా థాంక్స్. మీరు చెప్పింది చదివి పంపిన మెయిల్స్ అన్నీ తిరగేశాను. చూస్తే భయం వేసింది. మచ్చుకి మూడు:

"ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్, ఐ వుడ్ హావ్ ఫిక్స్‌డ్ ఇట్."
"ఆల్దో ఇట్ మే టేక్ టైమ్, బట్ ఐ విల్ కెన్ ఫినిష్ ఇట్."
"ఐ కెనాట్ స్టార్ట్ అన్‌లెస్ యూ డోంట్ అప్రూవ్."

ఇంత కాలం ఎలా నెట్టుకొచ్చానో.

*

అందరం ఇలాగే నెట్టుకొచ్చాం.

మొదటిది మళ్లీ తెలుగులో అనుకో: "తెలిసుంటే సరిచేసేవాణ్ణి." "తెలిసుంటే"కి తోక లేదు, అక్కడ వుడ్ వద్దు: "ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హావ్ ఫిక్స్‌డ్ ఇట్." అమెరికా వాళ్ల నోట "ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్" వినపడుతూనే ఉంటుంది. విను, రాయకు.

రెండోదాంట్లో రెండు గొడవలున్నాయి. ఆల్దో వచ్చాక బట్ అక్కర్లేదు, ఏదో ఒకటి చాలు. మే మాత్రం అక్కడ బాగానే ఉంది. ఇక విల్, కెన్ పక్కపక్కన కూర్చోవు. "ఐ విల్ బీ ఏబుల్ టు ఫినిష్ ఇట్" అనాలి. "కెన్ ఏబుల్ టు" అని రాసే అలవాటు కూడా ఉంటే ఇవాళే మానెయ్. పనిలో పని, అండ్ వచ్చినా కెన్ ప్రభావం పోదు: "షీ కెన్ చెక్ అండ్ సెండ్ ఇట్." సెండ్స్ కాదు.

మూడోది నిజంగా ప్రమాదం. అన్‌లెస్‌లోనే "కాదు" అన్న అర్థం ఉంది, మళ్లీ డోంట్ పెడితే "మీరు కాదంటేనే మొదలుపెడతాను" అన్నట్టు అయింది. "అన్‌లెస్ యూ అప్రూవ్" చాలు.

పాత మెయిల్స్‌కి సారీలు చెప్పుకుంటూ కూర్చోకు. వాళ్లు ఎప్పుడో మర్చిపోయి ఉంటారు.

*

సరే అక్కా. లీడ్‌కి ఇప్పుడు ఇది పంపబోతున్నాను: "థాంక్స్. వన్స్ యూ కంప్లీట్ ద రివ్యూ ఆన్ ఫ్రైడే, ఐ విల్ స్టార్ట్ టెస్టింగ్." "చేశాక", తోక లేదు, విల్ తీసేశాను. "మొదలుపెడతాను", ఉంది, ఉంచాను. కరెక్టేనా?

*

కరెక్టే. పంపెయ్.