ప్రతి వాక్యానికీ 'ఇన్న' పెడితే మాస్టారు "ఎవరు కాదన్నారు?" అని రాశారు

ప్రశ్న:
మూడేళ్లుగా అరబిక్ నేర్చుకుంటున్నానండీ. సర్ఫ్ (మాటల రూపాలు) అయిపోయింది, నహ్వ్ (వాక్య వ్యాకరణం) కూడా చాలావరకు వచ్చింది, అచ్చు గుర్తులు లేని పేజీ ఇచ్చినా ఏ మాట చివర ఏ హరకత్ (అచ్చు గుర్తు) పడుతుందో, ఎందుకు పడుతుందో చెప్పగలను. ఆ ధీమాతోనే మొన్న చదువు గురించి ఓ పేజీ వ్యాసం రాశా. గంభీరంగా ఉంటుందని దాదాపు ప్రతి వాక్యాన్నీ 'నిశ్చయంగా' అని నొక్కి చెప్పే 'ఇన్న'తో మొదలుపెట్టా, కొన్నిచోట్ల ఇంకా నొక్కడానికి వెనకాల ఇంకో 'ల' కూడా తగిలించా. మాస్టారు వ్యాకరణంలో ఒక్క తప్పూ పట్టలేదు గానీ మార్జిన్‌లో ఆరు చోట్ల "ఎవరు కాదన్నారు?" అని రాసిచ్చారు. అదేంటని అడిగితే బలాగా (సందర్భానికి తగ్గట్టు మాట్లాడే శాస్త్రం) చదువు, తెలుస్తుంది అన్నారు. పుస్తకం తెరిస్తే అన్నీ తెలియని పారిభాషిక పేర్లే. ఇంకొకాయనేమో ముందు ఇబ్ను మాలిక్ పద్యాల్లో రాసిన వ్యాకరణం, అల్ఫియా, బట్టీ పట్టమంటున్నాడు. వెయ్యి పద్యాలు! ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?

జవాబు 1:
మీ మాస్టారు మంచివారండీ, పాఠం మొత్తం రెండు ముక్కల్లో చెప్పేశారు. 11వ శతాబ్దపు బలాగా పండితుడు అబ్దుల్ ఖాహిర్ అల్ జుర్జానీ ఒక ముచ్చట రాశాడు. తత్వవేత్త అల్ కిందీ అబుల్ అబ్బాస్ అనే వ్యాకరణవేత్త దగ్గరికొచ్చి, అరబ్బుల మాటల్లో దండగ ఎక్కువ, 'అబ్దుల్లాహి ఖాయిమున్' అంటారు, 'ఇన్న అబ్దల్లాహి ఖాయిమున్' అంటారు, 'ఇన్న అబ్దల్లాహి లఖాయిమున్' అంటారు, మూడింటికీ అర్థం ఒకటే కదా అన్నాడట. ఒకటి కాదు అన్నాడు అబుల్ అబ్బాస్. మొదటిది ఊరికే చెప్పడం, అబ్దుల్లా నిలబడ్డాడని. రెండోది నిలబడ్డాడా అని అడిగినవాడికి జవాబు. మూడోది నిలబడలేదని వాదించేవాడికి. మీరేమో ఎవరూ అడక్కుండానే, వాదించకుండానే ఆరుసార్లు నొక్కి చెప్పారు, అదీ సంగతి.

జుర్జానీదే ఇంకో ఉదాహరణ. 'జైదున్ మున్తలిఖున్' అంటే జైదు బయల్దేరాడు, విషయమే తెలియనివాడికి చెప్పేది. 'జైదునిల్ మున్తలిఖు' అంటే ఎవరో బయల్దేరారని అవతలివాడికి ముందే తెలుసు, ఎవరన్నదే తెలియదు. మనం 'బయల్దేరింది జైదు' అంటాం చూడండి, అది. ఒక్క 'అల్'తో ఎంత మారిందో! వ్యాకరణం రెండూ ఒప్పే అంటుంది, ఎప్పుడు ఏది అనేదే బలాగాలో ఇల్ముల్ మఆనీ. మీకు నహ్వ్ తాజాగా ఉంది కాబట్టి అక్కడే మొదలుపెట్టండి. 'అల్ బలాగతుల్ వాదిహా' మంచి పుస్తకం, ముందు ఉదాహరణలిచ్చి, చర్చించి, తర్వాతే సూత్రం చెబుతుంది. అందులో బయాన్ (పోలికలు, అలంకారాల భాగం) ముందుంటుంది, పర్లేదు, మఆనీ భాగానికి దూకేయండి. అల్ఫియా తెలిసిన సూత్రాలు మర్చిపోకుండా ఉండటానికి బాగుంటుంది, మీ రోగానికి మాత్రం మందు కాదు.

జవాబు 2:
నేను ఒప్పుకోను, తెలుగువాళ్లకి బయానే సులువు. బళ్లో అలంకారాలు చదివాం కదా, తష్బీహ్ అంటే ఉపమ, పోలిక మాట తీసేసి వీరుణ్ణి నేరుగా సింహం వచ్చిందంటే ఇస్తిఆరా. అసలు మజా కినాయాలో, అంటే చుట్టుతిప్పి సూచించడంలో ఉంది. 'కసీరుర్ రమాద్', బూడిద ఎక్కువున్నవాడు అంటారు. బూడిద ఎక్కువంటే పొయ్యి ఎక్కువగా మండుతోంది, మండుతోందంటే వంట ఎక్కువ, వంట ఎక్కువంటే అతిథులు ఎక్కువ, అంటే దాత! 'జబానుల్ కల్బ్', పిరికి కుక్క గలవాడు, అదీ పొగడ్తే, వచ్చేపోయే జనాన్ని చూసీ చూసీ కుక్క మొరగడం మానేసిందని. నిజంగా బూడిద ఉన్నా తప్పులేదు, ఇస్తిఆరాలో అలా కుదరదు, అక్కడ నిజం సింహం ఉండకూడదు.

జవాబు 3:
ఒక జాగ్రత్త. ఇప్పుడు కనబడ్డ ప్రతి 'ఇన్న'నీ కొట్టేయకండి. 'ఖాల' (అన్నాడు) తర్వాత వచ్చేది మన 'అని' లాంటిది, దాన్ని ఉంచండి.

అడిగినవారు:
అందరికీ థాంక్స్. వ్యాసం మళ్లీ రాశా. పదకొండు 'ఇన్న'ల్లో మూడు మిగిలాయి. రెండు 'ఖాల' తర్వాతవి, ఇంకోటి చదువు వల్ల లాభం లేదనేవాళ్లకి జవాబిచ్చే చోట, అక్కడ 'ల' కూడా ఉంచా. మిగతావి తీసేస్తే పేజీ కాస్త బోసిగా అనిపించింది గానీ చదువుతుంటే హాయిగా ఉంది.

జవాబు 1:
భేష్. ఇన్న తీసేసినచోట దాని పక్క మాటకి ఫత్హా ('అ' గుర్తు) తీసి దమ్మా ('ఉ' గుర్తు) పెట్టారా? 'ఇన్నల్ ఇల్మ'లో ఇన్న పోతే 'అల్ ఇల్ము' కావాలి.

అడిగినవారు:
అయ్యో. నాలుగు చోట్ల అలాగే వదిలేశా. మాస్టారు చూడకముందే దిద్దుకుంటా.