కొత్తగా వచ్చాను, ఆడవాళ్ల క్రికెట్ టీములో చేరొచ్చా?

కవెంట్రీ (కొత్త సభ్యురాలు):
లిస్టులో అందరికీ నమస్కారమండి. సెప్టెంబరులో ఎమ్మెస్సీకి ఇంగ్లండ్ వచ్చాను, మాది కాకినాడ. సూటిగానే అడిగేస్తాను. నేను ట్రాన్స్ మహిళని. కలెక్టరు గారిచ్చిన సర్టిఫికెట్టుంది, పాస్‌పోర్టులో కూడా ఎఫ్ అనే ఉంది. ఇంటర్ దాకా అబ్బాయిల టీములో ఎడమచేతి స్పిన్ వేసేదాన్ని. ఆ తర్వాత ఆరేళ్లు బంతి ముట్టుకోలేదు. ఇక్కడ మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక క్లబ్బుంది, ఆడవాళ్ల టీము కూడా ఉందని గేటు దగ్గర బోర్డు చూశాను. వేసవికి అందులో చేరనిస్తారా? ఏ కాగితాలు చూపించాలి? ముందు ఎవరితో మాట్లాడాలి? పదిమందిలో నిలబడ్డాక కాదనిపించుకోవడం కన్నా ముందే తెలుసుకుందామని అడుగుతున్నాను.

స్లౌ:
వెల్కమ్ తమ్ముడూ. ఏం ఫికర్ చేయకు. నేను ఈ దేశమొచ్చి 22 ఏండ్లయింది, అండ్ల పదేండ్లు మా క్లబ్బు ఫిక్చర్ సెక్రటరీగ చేసిన. రూలు సాఫ్‌గ ఉంది. లీగు క్రికెట్‌ల ఎవరు ఏమని చెప్పుకుంటే గదే. ఆ టెస్టోస్టిరోన్ (మగ హార్మోను) లెక్కలన్నీ పెద్ద ఆటగాళ్లకు. పాస్‌పోర్టు జిరాక్స్ ఒకటి పట్టుకపో, అయిపాయె.

గని నువ్వు అడగని ముచ్చట ఒకటి చెప్తున్న, గిది ఆటకంటె ముఖ్యం. రూము డిపాజిట్ ఐదు వారాల కిరాయి కంటె ఎక్కువ ఇయ్యకు. ఇచ్చినంక 30 దినాలల్ల ఓనరు దాన్ని ప్రొటెక్షన్ స్కీముల పెట్టాలె, ఆ కాగితం నీకియ్యాలె. నా ఓనరు ఒకడుండె, ఇల్లు ఖాళీ చేసెటప్పుడు 180 పౌండ్లు కోసిండు. ఎందుకంటే పరదాలల్ల తాలింపు వాసనట! వాసనకు రసీదు ఏడికెల్లి తెచ్చిండో తెల్వది గని తెచ్చిండు, డ్రై క్లీనింగు బిల్లు. పరదాలు చూస్తె నేను దిగక ముందటి నుంచే పసుపు రంగు. నేను దిగిన దినం తీసిన ఫోటోలు మెయిల్ చేసిన. వారం రోజులు సప్పుడు లేదు. తర్వాత సగం పంపి, మిగతాది మంచి మనసుతోని వదిలెయ్యమన్నడు. నేను వదలలే. నాలుగు నెలలు పట్టింది. అందుకే చెప్తున్న, దిగిన దినమే పరదాల ఫోటోలు తీసుకో.

రెడింగ్:
అన్నా, ఆవిడ 'సభ్యురాలు' అని రాసుకుంది, నువ్వేమో తమ్ముడూ అన్నావు. ముందది సరిచెయ్యి.

ఇక రూలు సంగతి. నువ్వు చెప్పింది 2025 మే 2 దాకా నిజం. 2024 అక్టోబరులో ఈసీబీ (ఇంగ్లండ్, వేల్స్ క్రికెట్ బోర్డు) గీత గీసింది పైస్థాయి వరకే. మగ యుక్తవయసు దాటాక మారిన ట్రాన్స్ మహిళలు దేశవాళీ మహిళల క్రికెట్‌లో పై రెండు అంచెల్లోనూ, హండ్రెడ్ అనే వంద బంతుల టోర్నీలోనూ ఆడకూడదన్నారు. క్లబ్బు క్రికెట్ జోలికి రాలేదు. 2025 ఏప్రిల్ 16న ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పొచ్చింది, సమానత్వ చట్టంలో 'సెక్స్' అంటే పుట్టుకతో వచ్చినదేనని. పదహారు రోజులకి ఈసీబీ మళ్లీ ప్రకటించింది: ఆడవాళ్ల మ్యాచ్‌లైనా, అమ్మాయిల మ్యాచ్‌లైనా పుట్టుకతో ఆడవాళ్లే ఆడాలి, ఇది తక్షణం అమలు. పల్లెటూరి క్లబ్బుకి కూడా అదే రూలు. సరిగ్గా అదే వారంలో ఫుట్‌బాల్ వాళ్లు జూన్ 1 నుంచి, నెట్‌బాల్ వాళ్లు సెప్టెంబరు 1 నుంచి అన్నారు. నెట్‌బాల్‌లో మిక్స్‌డ్ విభాగం మాత్రం ఉంచారు.

కాబట్టి అమ్మా, పాస్‌పోర్టులో ఎఫ్ ఉన్నా, కలెక్టరు సర్టిఫికెట్టున్నా, ఇక్కడి జెండర్ రికగ్నిషన్ సర్టిఫికెట్టు తెచ్చుకున్నా, ఆ టీములో మ్యాచ్ ఆడటానికి పనికిరావు. ఆడామగా తేడా లేకుండా ఎవరైనా ఆడే ఓపెన్ టీముల్లోనూ మిక్స్‌డ్ మ్యాచ్‌ల్లోనూ ఆడొచ్చు, దానికి ఈ కాగితాలేవీ అక్కర్లేదు.

స్లౌ:
సారీ బిడ్డా, కళ్లద్దాలు లేకుండ చదివిన. గని రెడింగూ, కోర్టే బందు పెట్టినంక ఈసీబీ ఏం చేస్తది?

రెడింగ్:
కోర్టు బంద్ చెయ్యలేదన్నా. ఆ కేసు స్కాట్లాండ్‌లో ప్రభుత్వ బోర్డుల్లో మహిళల వాటా లెక్క ఎలా కట్టాలన్న దాని మీద నడిచింది. ఆటల్లోంచి ఫలానావాళ్లని తీసెయ్యండని ఆర్డరేమీ లేదు. ఈసీబీ లాయర్లని అడిగి తనే నిర్ణయించుకుంది. బలం, ఓపిక, ఒడ్డూపొడుగూ లెక్కలోకొచ్చే ఆటల్లో ఆడామగా వేరుగా పోటీలు పెట్టుకోవచ్చని 2010 సమానత్వ చట్టంలో 195వ సెక్షన్ మొదటి నుంచీ ఉంది. పెట్టుకోవచ్చు అనడం వేరు, పెట్టి తీరాలి అనడం వేరు.

స్లౌ:
లాయర్లు చెప్పినంక ఇనకపోతె రేపు కేసు ఎవని మీద పడ్తది? పెట్టుకోవచ్చు, పెట్టి తీరాలె, మనసొంటి క్లబ్బులకు రెండూ ఒకటే.

మెల్‌బోర్న్:
ఊరు మారినా లిస్టులోంచి పోలేదు నేను. ఇక్కడ క్రికెట్ ఆస్ట్రేలియా 2019లో క్లబ్బు క్రికెట్‌కి మార్గదర్శకాలిచ్చింది, మనిషి ఏ జెండర్‌గా బతుకుతుంటే ఆ టీములోనే ఆడుకోనివ్వమని. ఇక్కడి లింగ వివక్ష చట్టంలో 42వ సెక్షన్ మీ 195 లాంటిదే, కాకపోతే 12 ఏళ్లలోపు పిల్లలకి వర్తించదు. ఎమ్మెస్సీ ఇక్కడ చేసి ఉంటే...

రెడింగ్:
ఆ అమ్మాయి ఫీజు కట్టేసింది కవెంట్రీలో. ఇప్పుడు మెల్‌బోర్న్ రూలు చెప్పి ఏం లాభం? అంతర్జాతీయ క్రికెట్‌కైతే ఏ దేశమైనా ఒకటే. 2023 సెప్టెంబరులో డానియెల్ మెగహే కెనడా తరఫున ఆడింది, అలా ఆడిన మొదటి ట్రాన్స్ క్రికెటర్ తనే. నవంబరుకల్లా ఐసీసీ తలుపు మూసేసింది.

బర్మింగ్‌హామ్:
మాట పడతానని తెలిసే రాస్తున్నా. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. పోయినేడాది నుంచి పెద్దవాళ్ల టీములో ఆడుతోంది. ఓపెనింగ్ బ్యాటర్, అంటే కొత్త బంతి ముందుగా తగిలేది దానికే. మగ యుక్తవయసులో వచ్చిన ఎత్తు, భుజాలు మందులతో వెనక్కి పోవు కదా. టీములో చోటు కూడా పదకొండే. ఎవరి మనసూ నొప్పించాలని కాదు, ఆడవాళ్ల టీమని వేరే పెట్టిందే అందుకు. రూలు సరైందే అంటాను.

లెస్టర్:
మీ అమ్మాయి సంగతి నాకర్థమైంది వదినా. మా టీము సంగతి కూడా వినండి.

మా టీములో ఒక ట్రాన్స్ అమ్మాయి నాలుగేళ్లు ఆడింది. ఇక్కడి అమ్మాయే, తెలుగు కాదు. వికెట్ కీపరు, బ్యాటింగ్‌లో పదకొండో నంబరు. మాది ఆదివారం లీగు, సగంమందిమి ముప్పై దాటాక మొదటిసారి బ్యాటు పట్టినవాళ్లం. కెప్టెన్ని నేను. ఆ మే 2 శుక్రవారం, ప్లే-క్రికెట్ వెబ్‌సైటులో టీము పేర్లు పెట్టేసి వంట చేసుకుంటుంటే లీగు మెయిలొచ్చింది. మూడు పేరాలు. పేరు రాయలేదు గానీ మా లీగులో అది వర్తించేది ఒక్కరికేనని అందరికీ తెలుసు. ఆ మాట ఫోన్ చేసి చెప్పాల్సింది నేను. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. తీరా చేస్తే తనే అంది, "వార్తల్లో చూశాలే, నువ్వు చెప్పక్కర్లేదు" అని.

ఆదివారం వచ్చింది. కిట్ బ్యాగు కారులోనే వదిలేసి కీపింగ్ గ్లవ్స్ ఒక్కటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపలి పల్చటి గ్లవ్స్ నాలుగేళ్ల చెమటకి అప్పడాల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. నాకు కీపింగ్ ఏం వచ్చు? 23 బైలు ఇచ్చాను, అంటే బ్యాటుకి తగలని బంతులు నేను వదిలేస్తే వచ్చిన పరుగులు. స్కోరు తనే రాసింది. తర్వాత పుస్తకం తిరగేస్తే బైల వరస దగ్గర పెన్సిలు అచ్చు వెనక పేజీకి దిగింది.

జూన్‌లో లీగు వాళ్ల వెంటపడ్డాను, నెలకొక మిక్స్‌డ్ మ్యాచైనా పెట్టండని. గ్రౌండు లేదన్నారు, అంపైర్లు లేరన్నారు, వచ్చే ఏడు చూద్దామన్నారు. చివరికి ఒక జూమ్ మీటింగు పెట్టారు. అందులో పెద్దాయన మైకు ఆపుకుని ఏడు నిమిషాలు మాట్లాడాడు, ఒక్కరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, అబద్ధమెందుకు. అక్కడితో అయిపోయింది. మా క్లబ్బు మూడో టీము ఓపెన్, శనివారం ఆడతారు. వాళ్లు తనని తీసుకున్నారు. నాలుగు మ్యాచ్‌లాడి మానేసింది. ఎవరేమన్నారని అడిగితే, "ఎవరూ ఏమీ అనలేదు" అంది. మ్యాచ్ మధ్యలో టీ దగ్గర కూడా ఎవరూ ఏమీ అనలేదట.

అందుకని చెల్లీ, ఓపెన్ ఉందిగా అని వీళ్లన్నంత తేలిక కాదు. ఏ ఓపెన్ టీమో చూసుకుని వెళ్లు. సభ్యుల బాగోగులు చూసే సేఫ్‌గార్డింగ్ ఆఫీసరు ఎవరో క్లబ్బు వెబ్‌సైటులో ఉంటుంది, ముందు వాళ్లకి మెయిలు రాయి. చలికాలం నెట్స్‌కి (ప్రాక్టీసుకి) ఒకసారి ఊరికే వెళ్లి కూర్చుని చూడు. ఆడవాళ్లు ఒకరిద్దరు ఓపెన్ టీములో ఆడుతున్నారంటే అక్కడ కాస్త గాలాడుతుందని నా లెక్క. టీ దగ్గర నీ పక్కన ఎవరు కూర్చుంటారో కూడా చూసుకో.

బర్మింగ్‌హామ్:
పదకొండో నంబరు కీపరు గురించి కాదు నేనన్నది. రూలంటూ పెడితే అందరికీ ఒకటే ఉండాలిగా. రేపు ఒక ఫాస్ట్ బౌలరొస్తే?

లెస్టర్:
వస్తే అప్పుడు చూసేవాళ్లం వదినా. ఇరవై రెండు గజాల మీద అందరూ ఒకేలా ఉండరు. మన అమ్మాయిల్లోనే ఆరడుగులావిడ ఒకావిడుంది, ఆవిడ బౌన్సరుకి నా హెల్మెట్ గ్రిల్ వంగింది.

రెడింగ్:
ఇద్దరి మాటలోనూ కొంత ఉంది. మందులు మొదలెట్టాక హిమోగ్లోబిన్ నాలుగైదు నెలల్లోనే ఆడవాళ్ల స్థాయికి దిగుతుంది. కండబలం మాత్రం ఏడాదికి కూడా కొంచెమే తగ్గుతుంది. పోతే, ఆ కొలతలు చాలావరకు మామూలు మనుషుల మీద తీసినవి, ఆటగాళ్ల మీద కాదు. అంపైరు కోటు వేసుకుని నేనిది తేల్చలేను. మీరూ తేల్చలేరు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. టీములో ఆడనివ్వకపోవడం వేరు, వెక్కిరించడం వేరు. జెండర్ మార్చుకున్నవాళ్లని వేధిస్తే చట్టం ఇప్పటికీ ఊరుకోదు. ఆ తీర్పులోనే ఆ మాటుంది.

బ్రిస్టల్:
నేను నాన్-బైనరీ, అంటే ఆడ అనీ మగ అనీ ఏదో ఒకటిగా అనుకోని మనిషిని. పుట్టినప్పుడు ఆడ అని రాశారు కాబట్టి ఈ రూలు ప్రకారం ఆడవాళ్ల టీములో ఆడొచ్చు, ఆడుతున్నాను. నా తలనొప్పి మాటలతో. మా టీములో హిందీ వాళ్లు నలుగురున్నారు. హిందీలో 'వస్తున్నాను' అనాలన్నా ఆడో మగో తేల్చుకుని నోరు తెరవాలి. తెలుగులో 'వస్తున్నాను' అంటే ఎవరైనా ఒకటే. మూడో మనిషి గురించి చెప్పేటప్పుడే వచ్చాడా, వచ్చిందా అని చిక్కు. దానికి మన పెద్దలు ఎప్పుడో మందు కనిపెట్టారు. 'గారు' తగిలించి 'వచ్చారు' అనడమే. టీములో ఇద్దరు తెలుగువాళ్లు నన్ను అలాగే పిలుస్తారు. ఇరవై నాలుగేళ్లకే గారు! స్లిప్పులోంచి "క్యాచ్ గారూ" అని అరుస్తుంటే అవతలి టీముకి ఏం అర్థమవుతుందో మరి.

స్లౌ:
గట్లయితె నేను గూడ అందరికి గారు పెడ్త, కళ్లద్దాలు లేకున్నా నడుస్తది. కవెంట్రీ గారూ, డిపాజిట్ కాగితం తీసుకున్నరా లేదా?

కవెంట్రీ:
తీసుకోలేదండి బాబాయి గారూ. 30 రోజులు దాటిపోయాయి కూడా. రేపే అడుగుతాను.

అందరికీ థాంక్సండి. నిజం చెప్పాలంటే రెడింగ్ అన్నయ్య జవాబు చదివి మొన్న రాత్రి లిస్టు మూసేశాను. మళ్లీ అబ్బాయిల మధ్యకే వెళ్లాలంటే ఆరేళ్ల కిందటి డ్రెస్సింగ్ రూము గుర్తొచ్చింది. లెస్టర్ అక్క రాసింది చదివాక ఆ క్లబ్బుకి మెయిలు పెట్టాను, దాచకుండా అంతా రాశాను. ఇవాళ జవాబొచ్చింది. ఆ క్లబ్బు ఆఫీసరావిడ రూలు ముందే చెప్పేశారు, ఆడవాళ్ల మ్యాచ్‌లు కుదరవని. నాలుగో టీము ఓపెన్ అట, అందులో ఇద్దరు ఆడవాళ్లు, ఒక అరవై ఏళ్ల స్పిన్నరు తాత ఉన్నారట. జనవరిలో నెట్స్‌కి రమ్మన్నారు. బట్టలు మార్చుకోవడానికి విడిగా ఒక గది ఉందని, తాళం తన దగ్గరే ఉంటుందని కూడా రాశారు. నేనది అడగలేదు.

రెడింగ్:
మంచిది. ఒక్క సంగతి, ఓపెన్‌లో మగవాళ్ల బంతి వాడతారు. 156 నుంచి 163 గ్రాములుంటుంది. ఆడవాళ్లది 140 నుంచి 151. ఆరేళ్ల గ్యాపు తర్వాత ఒకేసారి అంత బంతి వేళ్లతో తిప్పితే చూపుడువేలు పక్కన చర్మం లేచిపోతుంది. ఇప్పటి నుంచే రోజుకి పది నిమిషాలు గదిలో కూర్చుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి తిప్పుతూ ఉండు.

కవెంట్రీ:
ఆ బంతి ఇక్కడ ఎక్కడ దొరుకుతుందండి? ఆన్‌లైన్‌లో ధర చూస్తే వారం సరుకుల డబ్బులయ్యేలా ఉంది.

లెస్టర్:
కొనకు. నా కారు డిక్కీలో పాతవి మూడున్నాయి. శనివారం కవెంట్రీ వైపే వస్తున్నా, పోస్టుకోడ్ విడిగా మెసేజ్ చెయ్యి.