చైనాలో సర్కారు అండ ఉన్న ఫౌండేషన్‌కి విరాళాలు ఎక్కువా, లెక్కలు చూపించేదానికా?

చదువుల_తంటా:
ఎంబీఏ ప్రాజెక్టుకి చైనా ఫౌండేషన్ల టాపిక్ తీసుకుని ఇరుక్కుపోయాను. ప్రభుత్వంలో పలుకుబడి ఉన్న ఫౌండేషన్‌కి విరాళాలు బాగా వస్తాయని ఒకచోట ఉంటుంది, ఆ ముద్ర పడితే జనం పైసా విదల్చరని ఇంకోచోట. ఏది నిజం? లెక్కలు బయటపెడితే విరాళాలు పెరుగుతాయనేదైనా ఖాయమేనా? వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

షెన్‌జెన్_రిటర్న్:
రెండూ నిజమే తమ్ముడూ, ఇచ్చేవాళ్ళు వేరు వేరు. ముందు పర్మిషన్ సంగతి చూడు. 2004 నిబంధనలు ఫౌండేషన్లని రెండు రకాలు చేశాయి, జనాన్ని బహిరంగంగా చందా అడగగలిగేవి, అడగకూడనివి. అప్పట్లో రిజిస్టర్ కావాలంటే ఏదో ఒక ప్రభుత్వ శాఖ పూచీ పడాల్సి వచ్చేది. నటుడు జెట్ లీ అంతటివాడు 2007లో వన్ ఫౌండేషన్ పెడితే 2011లో షెన్‌జెన్‌లో సొంత రిజిస్ట్రేషన్ దొరికేదాకా సర్కారు అండ ఉన్న చైనా రెడ్‌క్రాస్ గొడుగు కిందే నడపాల్సి వచ్చింది. పలుకుబడి ఉన్నవాడికి ముందు దక్కేది అడిగే హక్కు, జనం నమ్ముతారా లేదా అన్నది తర్వాతి మాట.

కంపెనీల లెక్క ఇంకోటి. భూమి, అనుమతులు, బ్యాంకు అప్పులు అన్నిట్లో అధికారుల మాట చెల్లుతున్నప్పుడు వాళ్ళకి దగ్గరైన ఫౌండేషన్‌కి రాసిన చెక్కు ఊరికే పోదు. పదవిలో ఉన్న అధికారి అధ్యక్షుడుగా ఉండకూడదని అవే నిబంధనలు చెప్తాయి, అందుకని రిటైరైన పెద్దలు కూర్చుంటారు (మనకి తెలియని విద్యేం కాదు).

మామూలు జనం మొహం తిప్పుకుంది 2011 జూన్‌లో. గువో మెయ్‌మెయ్ అనే ఇరవై ఏళ్ళ అమ్మాయి వెయ్‌బోలో (చైనావాళ్ళ ట్విట్టర్ లాంటిది) ఖరీదైన కారు, బ్యాగులు చూపిస్తూ రెడ్‌క్రాస్ పేరున్న వ్యాపార సంస్థకి మేనేజర్‌నని రాసుకుంది. మాకు సంబంధం లేదని రెడ్‌క్రాస్ ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. 2013 ఏప్రిల్‌లో సిచువాన్‌లో లూషాన్ భూకంపం వచ్చి రెడ్‌క్రాస్ పోస్టు పెడితే కింద 'పోరా పో' అనే కామెంట్లే కామెంట్లు. అదే వారం వన్ ఫౌండేషన్‌కి డబ్బు పోటెత్తింది.

లెక్కల_మాస్టారు:
పెద్ద దాతలంతా అధికారుల మొహం చూసే ఇస్తారంటే నేను ఒప్పుకోను. ఫుయావో గ్లాస్ అధినేత త్సావ్ దవాంగ్ 2010లో నైరుతి చైనా కరువు బాధితులకి 20 కోట్ల యువాన్లు ఇచ్చాడు, అదీ సర్కారు నీడలో పుట్టిన పేదరిక నిర్మూలన ఫౌండేషన్ ద్వారానే. షరతులు చూడండి: నిర్వహణ ఖర్చు 3 శాతం దాటకూడదు (అప్పటి నిబంధనలు 10 దాకా ఒప్పుకుంటాయి), కుటుంబానికి 2,000 యువాన్ల చొప్పున చేరాలి, తనిఖీలో తప్పులు 1 శాతం మించితే ఫౌండేషనే ఎదురు కట్టాలి. పల్లెపల్లెకీ పంచాలంటే సర్కారు యంత్రాంగం లేనిదే కుదరదు, ఊరికే నమ్మి చేతులో పెట్టడానికి మనసొప్పదు, అందుకే కాగితం మీద రాయించుకున్నాడు.

ఎర్ర_చీమ:
లెక్కలు బయటపెడితే విరాళాలు పెరుగుతాయా? వూహాన్ చూడు. 2020 జనవరిలో, కరోనా మొదలైనప్పుడు, వూహాన్ ఉన్న హుబెయ్ రాష్ట్రానికి వచ్చే విరాళాలు తీసుకునేందుకు సర్కారు ఐదు సంస్థల పేర్లే ప్రకటించింది, అందులో హుబెయ్ రెడ్‌క్రాస్ ఒకటి. వాళ్ళు మాస్కుల పంపిణీ జాబితా పెట్టారు, అసలు గొడవ అక్కడే మొదలైంది. ఒక ప్రైవేటు ఆసుపత్రికి 16,000, రోగులతో కిటకిటలాడుతున్న యూనియన్ ఆసుపత్రికి 3,000. తర్వాత అంకె తప్పు పడిందని దిద్దారు, ఎవరు నమ్మారు? రోజుల్లోనే ఒక ఉపాధ్యక్షుణ్ణి తీసేశారు. జాబితా పెట్టకపోతే ఇంత రచ్చ అయ్యేదా! అప్పుడే గాయని హాన్ హోంగ్ ఫౌండేషన్ వచ్చిందీ ఇచ్చిందీ ఎప్పటికప్పుడు చూపించి మెప్పు కొట్టేసింది. పంపకం సరిగ్గా ఉంటేనే జాబితా మేలు చేస్తుంది, లేకపోతే దొంగే దీపం పట్టుకున్నట్టు.

ఇంకోటి, చైనా ఫౌండేషన్ సెంటర్ 2012 నుంచి పారదర్శకతకి మార్కులిస్తోంది. వెబ్‌సైట్‌లో వివరాలు నింపితే మార్కులొస్తాయి. అదొక్కటే కొలబద్దగా పెట్టుకోకు.

చదువుల_తంటా:
థాంక్స్ అందరికీ. మరి డేటాలో దీన్ని ఎలా పట్టుకోవాలి? నా దగ్గర మొత్తం విరాళం ఒక్క అంకెగానే ఉంది.

లెక్కల_మాస్టారు:
ఆ అంకెతోనే ఇరుక్కుపోయావు. ఫౌండేషన్ల వార్షిక నివేదికల్లో వ్యక్తులిచ్చింది, సంస్థలిచ్చింది విడిగా ఉంటాయి, ప్రభుత్వ గ్రాంటు వేరే పద్దు. మూడూ విడదీసి మళ్ళీ లెక్క వెయ్యి. 2016 సెప్టెంబర్‌లో దాతృత్వ చట్టం అమల్లోకి వచ్చి బహిరంగ చందాల పద్ధతి మారింది, కాబట్టి దానికి ముందు ఏళ్ళూ తర్వాత ఏళ్ళూ ఒకే మూటలో కట్టకు.