లంబసింగి పెరడును చలికి సిద్ధం చేయాలి: ఏవి కప్పాలి, ఏవి వదిలేయాలి?

మధురవాడ పెరడు:
అందరికీ నమస్కారం. లంబసింగి దగ్గర పది సెంట్ల స్థలంలో ఇల్లుంది, చుట్టూ తోట. స్థలం తూర్పుకు వాలు. పల్లంలో ప్రహరీ వైపు గరిక లాన్, దాని అంచున నాలుగు బొప్పాయిలు, ఆరు అరటి చెట్లు, రెండేళ్ల మామిడి అంట్లు రెండు. గేటు దగ్గర దేవగన్నేరు, గోడ మీద కాగితంపూలు, మెరకలో పదిహేను గులాబీలు, ముప్పై దాకా కుండీలు. మొక్కలన్నీ ఈ జూన్లో కడియం నుంచి తెచ్చినవే, మామిడి అంట్లు తప్ప. డ్రిప్ ఉంది, టైమర్ ఉదయం 6 గంటలకు పెట్టి ఉంది. మేం విశాఖ నుంచి ఆదివారాలే వెళ్లగలం, మిగతా రోజుల్లో తోట చూసే మనిషి ఉంటాడు.

చలిదేశాల తోటల వీడియోల్లో పైపుల్లో నీళ్లన్నీ తోడేయమంటున్నారు, మొక్కల మొదట్లో అడుగు మందాన ఆకులు పోయమంటున్నారు. గులాబీలు ఇప్పుడే కత్తిరించాలా? ఇది అక్టోబరు మొదటి వారం కదా, ఎక్కడ మొదలుపెట్టాలి?

చింతపల్లి కాఫీతోట:
ఆ వీడియోలు నేల నెలల తరబడి గడ్డకట్టే ఊళ్ల కోసం. నీరు మంచుగడ్డ అయితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, అందుకే అక్కడ పైపులు పగులుతాయి. మన దగ్గర నేల గడ్డకట్టదు. డ్రిప్ ఖాళీ చేయనక్కర్లేదు, ఫిల్టరు కడిగి, పైపుల చివరి మూతలు తీసి మురికి పోయేదాకా నీళ్లు వదిలితే చాలు. టైమరు మాత్రం తప్పక మార్చండి. తెల్లవారుజామున చల్లటి మొదట్లోకి చల్లటి నీళ్లు వద్దు. పదకొండు తర్వాత పెట్టండి, అదీ మూడు నాలుగు రోజులకోసారి.

మన చలి సీజనంతా ఒకేలా ఉండదు. డిసెంబరు, జనవరిల్లో కొన్ని రాత్రులు, అందులోనూ మూడు గంటల నుంచి సూర్యోదయం దాకా. దెబ్బ తగిలేది అప్పుడే. చాలామంది పొగమంచును చూసి భయపడతారు. పొగమంచు పట్టిన రాత్రి, మబ్బున్న రాత్రి నేల వేడి పైకి పోకుండా ఆగుతుంది. చుక్కలు స్పష్టంగా కనబడి, ఆకు కూడా కదలకుండా ఉన్న పొడి రాత్రే ప్రమాదం. పేపర్లో చింతపల్లి పరిశోధనా స్థానం ఉష్ణోగ్రత 4 డిగ్రీలని వస్తే, అది మనిషి భుజం ఎత్తులో, నీడ పెట్టెలో కొలిచినది. అదే రాత్రి గడ్డి మీద అంతకంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉండొచ్చు. అందుకే గడ్డి మీద తెల్లటి మంచు పేరుడు కనిపిస్తుంది. ఓ కనిష్ఠ థర్మామీటరు (రాత్రి అతి తక్కువ ఉష్ణోగ్రత ఎంతో చూపేది) కొని లాన్ పక్కన జానెడు ఎత్తులో పెట్టండి. పేపర్ లెక్క కంటే ఆ లెక్కే మీ మొక్కలకు వర్తిస్తుంది.

మీ స్థలంలో అసలు చిక్కు ఆ ప్రహరీ. చల్లగాలి బరువు, నీళ్లలా పల్లానికి జారుతుంది. కింద గోడ కట్టతో సమానం, దాని వెనక చలి చెరువులా నిలుస్తుంది. బొప్పాయి, అరటి, మామిడి సరిగ్గా ఆ చెరువులో ఉన్నాయి. గోడ అడుగున నేలకు ఆనించి అడుగు చదరం తూములు మూడు కొట్టించి, పందులు దూరకుండా వెల్డ్ మెష్ బిగించండి. మీరు కొనే ఏ కప్పు కంటే ఈ పనే మేలు.

కప్పే పద్ధతి ఇది. మొక్క చుట్టూ మూడు వెదురు కర్రలు, మొక్క కంటే జానెడు ఎత్తుగా. వాటిపై గోనెపట్టా, లేదా విత్తనాల షాపుల్లో దొరికే తెల్ల క్రాప్ కవర్ (25 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 25 గ్రాముల బరువున్నది చాలు). అంచులు నేలకు ఆని, రాళ్లు పెట్టి ఉండాలి. మొక్కను వేడిగా ఉంచేది గుడ్డ కాదు, నేలలోంచి వచ్చే వేడి. గుడ్డ దాన్ని పట్టి ఉంచుతుందంతే. పైన గొడుగులా కట్టి కింద వదిలేస్తే వేడంతా పక్కల నుంచి పోతుంది. బరకం కప్పితే అది ఆకుకు తగలనివ్వకండి, తగిలిన చోట ఆకు మాడుతుంది. పొద్దెక్కాక, ఎనిమిది ఎనిమిదిన్నరకి తీసేయాలి.

మామిడి అంట్లకు రోజూ కప్పడం కుదరదు కాబట్టి వరిగడ్డితో గుడిసెలా కట్టి, ఆగ్నేయం వైపు తెరిచి ఉంచండి. పొద్దుటి ఎండ లోపలికి పడుతుంది, ఫిబ్రవరి దాకా తీయక్కర్లేదు. వరిగడ్డి మొదలుకు తగిలితే చెదలు పడతాయి, జానెడు ఎడం ఉంచండి.

సీతమ్మధార మిద్దెతోట:
ఆకుల సంగతి నేను చెప్తాను. దుప్పటి కదా అని మందంగా పోస్తే మనలాంటి చోట ఎదురు తిరుగుతుంది. పగలు ఎండ నేలకు తగలదు, రాత్రి నేల వేడి పైకి రాదు. ఆకుపరుపు మీద గాలి వట్టి నేల మీది గాలి కంటే చల్లగా ఉంటుంది. వేళ్లకు మంచిదే, చిగుళ్లకు నష్టం. పెద్ద చెట్ల కింద రెండు మూడు అంగుళాలు వేసి, కాండం నుంచి నాలుగు వేళ్లు ఎడం వదలండి. కప్పబోయే చిన్న మొక్కల కింద మాత్రం నేలను వట్టిగా, తడిగా ఉంచండి. తడినేల పగలు ఎక్కువ వేడి పట్టి రాత్రి నెమ్మదిగా వదులుతుంది. కాబట్టి చలి ఖాయమనుకున్న రోజు మధ్యాహ్నమే నీళ్లు పెట్టాలి, ఆకులు తడపకుండా. చెరకు ఆకుచెత్త కావాలంటే మీ దారిలోనే అనకాపల్లి ఉంది.

గులాబీలు మన విశాఖలో అక్టోబరులో కత్తిరిస్తాం, డిసెంబరుకు పూలు వస్తాయి. అక్కడా ఇప్పుడే చేసేయండి, నెలాఖరు దాటనివ్వకండి. నవంబరు చివర్లో కత్తిరిస్తే లేత చిగురు సరిగ్గా చలి ముదిరే వేళకు వస్తుంది. గులాబీ చెట్టుకు చలి భయం లేదు, భయమంతా బూడిద తెగులు గురించే. నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఎండ వచ్చాక పది పదకొండు మధ్య కొట్టండి. చలిలో గంధకం సరిగ్గా పనిచేయదు, పొద్దున్నే కొడితే వృథా.

యూరియా ఈ వారంతో ఆపేయండి. పొటాష్ వేస్తే మొక్క చలికి తట్టుకుంటుందని డబ్బాలు పోస్తుంటారు. నేలలో లోటు ఉంటేనే దానితో ఉపయోగం.

కడియం మొక్కలు గోదావరి వేడిలో పెరిగినవి. కుండీలవి ఒక్కసారిగా బయట వదలొద్దు, లోపలే దాచేయనూ వద్దు. నవంబరంతా వరండా అంచున ఉంచితే రాత్రి చల్లదనానికి క్రమంగా అలవాటు పడతాయి. ఆ తర్వాత పడమర గోడకు ఆనించి, ఒకదానికొకటి తగిలేలా గుంపుగా పెట్టండి. పగలు కాగిన గోడ రాత్రి వేడి వదులుతుంది. నేలలోని వేళ్ల కంటే కుండీలో వేళ్లకే ముందు చలి తగులుతుంది, చిన్న కుండీలు గుంపు మధ్యలో ఉండాలి.

లాన్ రెండంగుళాల ఎత్తులో వదిలి కోత ఆపేయండి. తెల్లటి పేరుడు ఉండగా దాని మీద నడవనివ్వకండి. గడ్డకట్టిన ఆకు కాలి కింద విరుగుతుంది, నాలుగు రోజులకు అడుగుల ఆకారంలోనే ఎండిన మచ్చలు తేలతాయి.

నర్సీపట్నం తోటమాలి:
ఇద్దరూ చలి దగ్గరే మొదలుపెట్టారు, క్యాలెండరులో ముందున్నది గాలి. హుద్‌హుద్ తీరం దాటింది 2014 అక్టోబరు 12న. ఈ నెలా వచ్చే నెలా తుపాన్ల కాలమే. గెల వేసిన అరటికి రెండు కర్రలు కత్తెరలా కట్టాలి. ఇంటి మీదికి వంగిన సిల్వర్ ఓక్ కొమ్మలుంటే ఇప్పుడే దించండి, ఆ చెట్టు కొమ్మ గాలికి చీలిపోతుంది. వెదురు గుంజలు కూడా ఇప్పుడే మూడడుగులు పాతితే, గాలికీ చలికీ అవే పనికొస్తాయి.

ఇంకోటి. తెల్లారి మంచు కనబడగానే ఆకుల మీద నీళ్లు చల్లి కడిగేయమని చాలామంది చెప్తారు. చల్లడం మొదలుపెడితే మంచు పూర్తిగా కరిగి, గాలి వేడెక్కేదాకా ఆపకూడదు. మధ్యలో ఆపితే తడి ఆవిరవుతూ ఆకును ఇంకా చల్లబరుస్తుంది. 500 లీటర్ల ట్యాంకుతో అది అయ్యే పని కాదు, దాని జోలికి వెళ్లకండి.

మధురవాడ పెరడు:
చాలా థ్యాంక్సండీ. గోడకు తూములు ఈ ఆదివారమే కొట్టిస్తాం. రోజూ కప్పడం, తీయడం ఒక్క మనిషి వల్ల కాదు. వదిలేసినా పర్వాలేదన్నవి ఏవి? దేవగన్నేరు ఆకులు రాలుస్తోంది, నీళ్లు పెంచాలా?

చింతపల్లి కాఫీతోట:
దేవగన్నేరు నిద్రపోతోంది, నీళ్లు పూర్తిగా ఆపండి. ఆకులేని కాండానికి తడి పెడితే మెత్తబడి లోపలి నుంచి కుళ్లుతుంది. లేత కొసలకు పాత గుడ్డ చుట్టండి, మార్చి వరకు అంతే. కాగితంపూలు ఆకు రాల్చినా మళ్లీ చిగురిస్తాయి, వదిలేయండి. గులాబీలూ అంతే.

కప్పాల్సినవి బొప్పాయి, కుండీల్లో మందారాలు, క్రోటన్లు ఉంటే అవి. బొప్పాయి పొడుగై ఉంటే కొస మాత్రం, కాయలతో కలిపి గోనెలో కట్టండి. కాండానికి వరిగడ్డి చుట్టి పురికొసతో వదులుగా బిగించండి. అరటికి ఎండాకులు కోయొద్దు, కాండానికి అవే కవచం. చలికి దాని పెరుగుదల ఆగుతుంది, డిసెంబరులో రావలసిన గెల గొంతులో ఇరుక్కుని సగమే బయటికి రావచ్చు. దానికి మందు లేదు. వచ్చే ఏడు పిలకలు ఉంచేటప్పుడు గెల చలి దాటాక వచ్చేలా చూసుకోండి, ఈసారికి పక్కన బలమైన పిలక ఒకటి కాపాడండి.

మీ మనిషికి ఒక్కటే గుర్తు చెప్పండి. రాత్రి ఏడింటికి బయటికొచ్చి చూడమనండి. చుక్కలు తళతళలాడుతూ, గాలి లేకుండా ఉంటే కప్పాలి, మబ్బో గాలో ఉంటే ఆ రాత్రి కప్పక్కర్లేదు. అప్పుడు రోజూ పని ఉండదు.

అయినా కొన్ని మాడతాయి. నల్లబడ్డ కొమ్మలు చూసి అదే ఆదివారం కత్తెర పట్టుకోకండి. ఆ ఎండు ఆకులే లోపలి మొగ్గలకు నీడ, పైగా ఎక్కడిదాకా చచ్చిందో జనవరిలో తెలియదు. ఫిబ్రవరి చివర చిగురు ఎక్కడ పగిలిందో చూసి, దానికి అరంగుళం పైన కోసి, కోసిన చోట బోర్డో ముద్ద (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి.

మధురవాడ పెరడు:
క్రోటన్లు నాలుగున్నాయి, గుంపు మధ్యలో పెట్టిస్తాను. థర్మామీటరు వచ్చే వారం కట్టి, డిసెంబరులో లెక్కలు ఇక్కడే పెడతాను.