గుళ్లో కార్డు పెడితే పాట వచ్చేటట్టు చేయొచ్చా?

పెన్నగట్టు:
అన్నా, మాది కావలి పక్కన పల్లె. గుళ్లో మైకుసెట్‌కి పాత కంప్యూటర్ తగిలించుండారు, విండోస్ 10. మా పూజారిగారికి మౌస్ అంటే పడదు, డబల్ క్లిక్ చేయబోయి ఫోల్డర్‌నే ఎక్కడికో లాగేస్తారు, ఇంక తెల్లారుజామున నాకు ఫోన్. సోమవారం కార్డు పెడితే శివుడి పాటలు, శనివారం కార్డుకి వెంకటేశ్వరసామివి, ఇట్టా ఏదన్నా కుదురుద్దా? కార్డుల మీద దేవుడి బొమ్మలు అంటిస్తా.

సింగరాయకొండ సిగ్నల్:
కుదురుద్ది, పెద్ద పనేం కాదబ్బా. 125 కిలోహెర్ట్జ్ యూఎస్‌బీ ఆర్ఎఫ్ఐడీ రీడర్ తీసుకో, అంటే కార్డులో నంబర్‌ని రేడియో తరంగాలతో చదివే పెట్టె. కంప్యూటర్ దాన్ని కీబోర్డ్ అనుకుంటది, కార్డు దగ్గరికి తీసుకుపోగానే నంబర్ టైప్ చేసి ఎంటర్ కొట్టుద్ది, డ్రైవర్ గీవర్ ఏం అక్కర్లా. నోట్‌ప్యాడ్ తెరిచి కార్డు పెట్టి చూడు. పాటలు కార్డులో ఉండవు, వట్టి నంబరే, ఏ నంబర్‌కి ఏ ఫోల్డర్ అనేది పైథాన్ స్క్రిప్ట్‌లో, అంటే చిన్న ప్రోగ్రామ్‌లో, నువ్వే రాసుకోవాల.

ఒంగోలు మైక్రో:
ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డ్‌తో ఆర్‌సీ522 కార్డు రీడర్ బోర్డ్ పెట్టుకో, చవగ్గా అయిపోద్ది.

సింగరాయకొండ సిగ్నల్:
అది 13.56 మెగాహెర్ట్జ్‌ది, 125 కార్డుల్ని చదవదు. పైగా ఆర్డుయినోల్లో ఊనో బోర్డ్ నేరుగా కీబోర్డ్‌లా పనిచేయదు, లియొనార్డో కావాల. పూజారిగారి కోసం సోల్డరింగ్ ఎందుకు సామీ.

పెన్నగట్టు:
స్క్రిప్ట్ విండో మీద వేరే విండో వస్తే?

కందుకూరు కోడర్:
అదే దీంట్లో తిరకాసు. నంబర్ ఏ విండో ముందుంటే దాంట్లోకే పోద్ది, పూజారిగారు బ్రౌజర్ తెరిచుంటే నంబర్ దాంట్లో పడుద్ది, పాట రాదు. ఆటోహాట్‌కీ అనే ప్రోగ్రామ్‌లో హాట్‌స్ట్రింగ్ (ఫలానా నంబర్ టైప్ అయితే ఫలానా పని చేయమనే లైను) రాసుకుంటే ఏ విండో ముందున్నా నంబర్ పట్టుకుంటది, నేనైతే పైథాన్ వదిలేసి అదే వాడతా. పాటలు వాయించే వీఎల్‌సీ ప్లేయర్ సెట్టింగ్స్‌లో ఒకటే విండో తెరవమనే ఆప్షన్ ఉండాది, అది టిక్ చేయి, లేకపోతే శివుడి పాటా వెంకన్న పాటా రెండూ ఒకేసారి మోగి ఊరంతా నిద్ర లేస్తది. ఇంకోటి, రీడర్‌ని ఇనుప బీరువా మీద పెట్టబాక, ఇనుము మీద సరిగ్గా చదవదు, కింద చెక్క పలక వేయి.

పెన్నగట్టు:
భలే చెప్పావన్నా. ఇదే కార్డుతో కంప్యూటర్ లాక్ కూడా తీసేటట్టు పెట్టొచ్చా?

కందుకూరు కోడర్:
వద్దు. ఆ మామూలు కార్డుల్ని ఎవరైనా తేలిగ్గా కాపీ కొట్టేస్తారు, పాటలకైతే ఓకే. ముందు పాట ఆపడానికి ఒక కార్డు పెట్టు, ఎర్రది, హారతి టైమ్‌లో ఆయన వెతుక్కోకుండా.