పంది అవయవాల మార్పిడిలో వైరస్‌ల ముప్పు ఎంత?

ప్రశ్న: జిజ్ఞాసువు

మా అక్క చాలాకాలంగా డయాలసిస్ చేయించుకుంటున్నారు. జన్యువులను సవరించిన పంది కిడ్నీని మనుషులకు అమరుస్తున్నారన్న వార్తలు చదివినప్పటి నుంచి ఆమెలో ఆశ, నాలో భయం పెరుగుతున్నాయి. శరీరం ఆ కిడ్నీని తిరస్కరించే ప్రమాదం గురించి చాలామంది రాశారు. అయితే పందిలో ఉన్న వైరస్‌లు రోగికి, ఆ తర్వాత ఇంట్లోవాళ్లకు సోకే అవకాశం ఉందా అన్నదానికి నాకు స్పష్టమైన జవాబు దొరకలేదు. పందిని పరిశుభ్రమైన చోట పెంచి, ముందే పరీక్షలు చేస్తే సరిపోదా? 2022లో పంది గుండె అమర్చిన వ్యక్తిలో ఒక వైరస్ బయటపడిందని విన్నాను. ఆయన మరణానికి అదే కారణమా? తెలిసినవారు దయచేసి వివరించండి.

జవాబు: సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు

మీరు చివర అడిగినదానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే తక్కిన ప్రశ్నలకు చాలావరకు జవాబు అందులోనే ఉంది. 2022 జనవరి 7న అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ వైద్యులు డేవిడ్ బెనెట్ అనే 57 ఏళ్ల వ్యక్తికి పది జన్యు మార్పులు చేసిన పంది గుండెను అమర్చారు. దాదాపు మూడు వారాలకు ఆయన రక్తంలో పందుల సైటోమెగాలో వైరస్ ఆనవాళ్లు కనిపించాయి. మార్చి 8న ఆయన మరణించారు. దాత పంది ముక్కు నుంచి తీసిన నమూనాలో అంతకుముందు ఈ వైరస్ కనబడలేదు. హెర్పిస్ కుటుంబానికి చెందిన ఈ వైరస్ కణజాలంలో నిద్రాణంగా దాగి ఉంటుంది కాబట్టి, ముక్కులో లేనంత మాత్రాన పందిలో లేదని చెప్పడానికి వీలులేదు.

మరణానికి అదొక్కటే కారణమని వైద్యులు తేల్చలేదు. ఆయన అప్పటికే చాలా బలహీనంగా ఉన్నారు. చికిత్సలో భాగంగా ఇచ్చిన యాంటీబాడీలు (రోగకారకాలను గుర్తించి ఎదుర్కొనే ప్రోటీన్లు) గుండెకు హాని చేసి ఉండవచ్చన్న అనుమానమూ ఉంది. ఈ వైరస్ ఆయన సొంత కణాలకు సోకిందనడానికి ఆధారం లేదు. అయినా దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బబూన్ కోతులపై చేసిన ప్రయోగాల్లో ఈ వైరస్ ఉన్న పంది కిడ్నీలు, అది లేని కిడ్నీలకంటే చాలా త్వరగా పాడయ్యాయి. అంటే మనిషి కణంలోకి ప్రవేశించకుండానే, అమర్చిన అవయవాన్ని దెబ్బతీయడం ద్వారా వైరస్ రోగి ప్రాణం మీదికి తేగలదు.

దీన్ని నివారించవచ్చు. పంది పిల్లలను పుట్టిన వెంటనే తల్లి నుంచి వేరుచేసి పెంచడం, వైరస్ జన్యుపదార్థం కోసం వెతికే పరీక్షతో పాటు రక్తంలో యాంటీబాడీలను కూడా చూడటం మంచి ఫలితమిస్తాయి.

జవాబు: జన్యు పరిశోధకురాలు

అధ్యాపకులు చెప్పినది బయటి నుంచి పందికి సోకే వైరస్‌ల సంగతి. కాలేయానికి సోకే హెపటైటిస్ ఇ వైరస్ కూడా ఆ కోవలోనిదే, దాన్నీ పరీక్షలతో, పెంపకంతో దూరం పెట్టవచ్చు. ఎంత పరిశుభ్రంగా పెంచినా పోనిది ఒకటుంది. పంది క్రోమోజోముల్లోనే కలిసిపోయి, తరతరాలుగా పిల్లలకు సంక్రమించే రెట్రోవైరస్‌లను క్లుప్తంగా పెర్వ్ అంటారు. వీటిలో ఎ, బి రకాలు ప్రయోగశాలలో మనిషి కణాలకు సోకగలవు. సి రకం ఆ పని చేయలేదు గానీ, ఎ రకంతో కలిసి మరింత చురుకైన సంకర వైరస్‌గా మారగలదు. మనిషి కిడ్నీ కణాలకు పెర్వ్ సోకుతుందని 1997లో వెల్లడైనప్పుడు శాస్త్రలోకంలో పెద్ద ఆందోళనే చెలరేగింది.

ఆ తర్వాత 1999లో, వివిధ చికిత్సల్లో సజీవ పంది కణజాలానికి గురైన 160 మందిని పరీక్షించారు. వారిలో 23 మంది శరీరంలో పంది కణాలు మిగిలే ఉన్నా, ఒక్కరికీ పెర్వ్ సోకినట్టు తేలలేదు. 2017లో జన్యువులను కత్తిరించి సవరించే క్రిస్పర్ పద్ధతితో పెర్వ్‌లన్నిటినీ నిర్వీర్యం చేసిన పంది పిల్లలను పుట్టించారు. 2024 మార్చిలో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో అమర్చిన కిడ్నీకి చేసిన 69 మార్పుల్లో 59 కేవలం వీటిని పనిచేయకుండా చేయడానికే. అన్ని సంస్థలూ ఈ దారిలో వెళ్లడం లేదు; ఇన్ని మార్పులు అవసరమా అన్న చర్చ ఇంకా నడుస్తోంది.

జిజ్ఞాసువు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంతవరకు ఎవరికీ పెర్వ్ సోకలేదంటే ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

జవాబు: ప్రజారోగ్య వైద్యుడు

నిశ్చింత అనే మాట నేను వాడను. ఆ 160 మందిలో ఎక్కువమంది పంది కణజాలంతో కొద్దికాలమే సంబంధంలో ఉన్నవారు. కిడ్నీ అమర్చిన రోగి శరీరంలో ఆ అవయవం రాత్రింబవళ్లు రక్తప్రవాహంలో ఉంటుంది, పైగా తిరస్కరణను ఆపే మందులు రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి. ఇక్కడ చాలామంది దృష్టికి రాని మరో విషయం ఉంది. పంది కణాల పైన ఉండే ఆల్ఫా-గాల్ అనే చక్కెర అణువును మన సహజ యాంటీబాడీలు వెంటనే గుర్తిస్తాయి. పంది కణాల్లో పుట్టిన వైరస్‌లు కూడా అదే చక్కెరను తమ పైపొరపై మోసుకొస్తాయి కాబట్టి, ఆ యాంటీబాడీలు వాటినీ నాశనం చేయగలవు. అవయవం నిలవడం కోసం ఆ చక్కెరను తయారుచేసే జన్యువును తొలగించినప్పుడు, మనకున్న ఆ సహజ రక్షణను కూడా కొంత కోల్పోతాం.

1998–99లో మలేషియాలో నిపా వైరస్ పందుల నుంచి మనుషులకు సోకి వందమందికి పైగా మరణించారు. అప్పటిదాకా దాని పేరైనా ఎవరికీ తెలియదు. తెలియని వైరస్‌కు ముందే పరీక్ష తయారుచేయడం సాధ్యం కాదు గనుకనే, పంది అవయవం పొందినవారిని జీవితాంతం పర్యవేక్షించాలని, వారి రక్తనమూనాలను దశాబ్దాలపాటు భద్రపరచాలని, వారు రక్తదానం చేయకూడదని నిబంధనలు పెట్టారు. రోగి ఒక్కరే సంతకం చేసినా, ఆ ముప్పులో కుటుంబసభ్యులకూ భాగం ఉంటుంది. ఆ సంగతిని వారికి ముందుగానే విడమరచి చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం.

అయితే మనిషి నుంచి తీసుకున్న అవయవం కూడా వైరస్‌రహితమని హామీ ఏమీ లేదు. దాతల నుంచి రేబిస్ సోకి రోగులు మరణించిన సందర్భాలున్నాయి. మరణించిన దాతను పరీక్షించడానికి కొన్ని గంటలే దొరుకుతాయి, పందిని నెలల తరబడి పరీక్షించవచ్చు. మీ అక్కగారికి ఎప్పుడైనా ఇలాంటి ప్రయోగంలో చేరే అవకాశం వస్తే, దాత పందికి సైటోమెగాలో వైరస్ యాంటీబాడీ పరీక్ష చేశారా, పెర్వ్‌లను నిర్వీర్యం చేశారా, చేయకపోతే సి రకం లేని పందిని ఎంచుకున్నారా, ఇంట్లోవాళ్లకు ఎంతకాలం పరీక్షలు చేస్తారు అన్నవి అడిగి, జవాబులను రాతపూర్వకంగా తీసుకోండి.