‘వినదగు నెవ్వరు’ తరువాత ‘చె’యా, ‘జె’యా? ఒక వాయిస్‌మెయిల్ సందేహం

డాలస్ పద్దులు:
సభ్యులందరికీ నమస్కారం. నేను డాలస్‌లో మనవాళ్ళకు పన్ను రిటర్నులు దాఖలు చేసే చిన్న ఆఫీసు నడుపుతున్నాను. ఏప్రిల్ 15 గడువు దగ్గరపడే కొద్దీ వచ్చే ఫోన్లలో సగం ఎత్తలేను. అవన్నీ వాయిస్‌మెయిల్‌కు పోతాయి. ఇంతకాలం అక్కడ ఫోన్ కంపెనీవారి మరగొంతే పలుకుతూ వచ్చింది. ఈసారి నా గొంతుతోనే, ముందు ఇంగ్లీషులోనూ తరువాత తెలుగులోనూ ఒక పలకరింపు రికార్డు చేద్దామని, అది ఒక్కసారి విన్నవారికి గుర్తుండిపోవాలని, తెలుగు భాగాన్ని సుమతీ శతకంలోని ‘వినదగు నెవ్వరు చెప్పిన’ పద్యంతో ఎత్తుకున్నాను. ‘వినినంతనె వేగపడక’ దాకా వచ్చి నోరు ఆగిపోయింది. అది చాలదన్నట్టు ఇంకొక చిక్కు వచ్చిపడింది. మా తాతగారు ‘ఎవ్వరు జెప్పిన’ అని చదివినట్టు చెవిలో ఉంది. పుస్తకంలో ‘చెప్పిన’ అని చూసినట్టు కంట్లో ఉంది. రెండింటిలో ఏది సరైనది? అలాగే, చివర ‘మీ సందేశాన్ని వదలండి’ అనడం నాకే మింగుడుపడడం లేదు. దానికి బదులు మంచి మాట ఎవరైనా చెప్పగలరా?

తెనాలి మాష్టారు:
రెండో పాదం ‘వివరింపదగున్’తో ముగుస్తుంది. అది బడిపిల్లలకు కూడా వచ్చు కనుక దాన్ని అక్కడే ఉంచి, అసలైన అక్షరం దగ్గరికి వస్తాను. ఇక్కడ ‘ఎవ్వరు’ ప్రథమాంతం, అంటే ప్రథమా విభక్తిలోని మాట. ప్రథమ మీది పరుషాలకు (క, చ, ట, త, ప) గసడదవలు (గ, స, డ, ద, వ) బహుళంగా వస్తాయని వ్యాకరణకర్త చిన్నయసూరి చెప్పాడు. ఆ ప్రకారం అది ‘ఎవ్వరు సెప్పిన’ కావచ్చు, మారకుండా ‘ఎవ్వరు చెప్పిన’గానూ ఉండవచ్చు. ‘జె’ రావడానికి మాత్రం దారి లేదు. మూడో పాదంలో ‘కల్ల నిజము దెలిసిన’ అన్నచోట ఈ కవి గసడదవలను వాడనే వాడాడు. తాతగారి మీద గౌరవంతోనే అంటున్నాను, ఆయన నాలుక ఒకసారి జారి ఉంటుంది.

అరసున్న:
మాష్టారు వినినంతనే వేగపడ్డారు. ‘ఎవ్వరు’ను ఉత్త ప్రథమగా ఎందుకు తీసుకోవాలి? ఇక్కడి అర్థం ‘ఎవ్వరైనను’ అని. అంటే అది ‘ఎవ్వరును’; దాని చివర ద్రుతం, అంటే ‘న్’, ఉంది; అలా ద్రుతం చివర ఉన్న మాట (ద్రుతప్రకృతికం) మీది పరుషం సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది. కనుక ‘ఎవ్వరుఁ జెప్పిన’ అన్నదే పాఠం. అక్కడ నిండుసున్న పెడితే, నాలుగే ఉండవలసిన ఆ గణానికి 5 మాత్రలై కందం కూలుతుంది కాబట్టి అరసున్న తప్ప గతి లేదు. అచ్చులో అరసున్నలు ఎగిరిపోయాక ‘జె’ దిక్కులేనిదై కనిపించి, ఏ ముద్రాపకుడో జాలిపడి దాన్ని ‘చె’గా దిద్ది ఉంటాడని నా అనుమానం.

ఇక ‘దెలిసిన’ సాక్ష్యం చెల్లదు. ‘త’కు గసడదవాదేశం జరిగినా ‘ద’యే వస్తుంది, సరళాదేశం జరిగినా ‘ద’యే వస్తుంది. పైగా ‘నిజమున్ దెలిసిన’ అని ద్వితీయగా తీసుకుంటే అక్కడ కూడా ద్రుతమే ఉంది. ఈ రెండు దారులూ విడిపోయేది ‘చ’ దగ్గర, ‘ప’ దగ్గర మాత్రమే: ఒక దారిలో స, వ, మరొక దారిలో జ, బ. మన అదృష్టం కొద్దీ అడిగినవారి సందేహం ‘చ’ మీదే పడింది.

విశాఖ గొంతు:
ప్రకటనలకు గొంతునివ్వడం నా వృత్తి. నాలాంటివాళ్ళ బాధ వ్యాకరణంలో లేదు, ఊపిరిలో ఉంది. ‘వినదగున్’, ‘ఎవ్వరు’ కలిసి ‘వినదగు నెవ్వరు’ అయింది కదా. అచ్చులో మధ్య ఖాళీ చూసి చాలామంది ‘వినదగు’ దగ్గర ఊపిరి తీస్తారు. అప్పుడు ఫోన్ అవతలివారికి ‘నెవ్వరు’ అనే లేని మాట వినిపిస్తుంది. ఆడిటరుగారు ‘చె’ పలికినా, ‘జె’ పలికినా, మొదటి పాదాన్ని ఒక్క ఊపిరిలో పలకాలి.

మరొక మాట కూడా చెప్పాలి. పలకరింపు ఏ పరిస్థితిలోనూ ‘హలో, చెప్పండి’ అని మొదలుకాకూడదు. మా చిన్నాన్నగారు తన అల్లుడి ఫోన్‌లో ఆ రెండు మాటలూ విని, మనిషే ఎత్తాడనుకొని, ఊళ్ళో పొలం గట్టు తగాదా అంతా చెప్పుకుపోయారు. మధ్యలో బీప్ వచ్చింది. ఆయన ‘ఆఁ, ఏమన్నావు?’ అని అడిగి, జవాబు రాకపోయేసరికి కోపంతో పెట్టేశారు. రికార్డయింది ఆ ‘ఏమన్నావు’ నుంచి మాత్రమే. అందుకని మొదటి మాటలోనే ఇది రికార్డు చేసిన గొంతని తెలియాలి: ‘నేను ఇప్పుడు ఫోన్ ఎత్తలేకపోతున్నాను’ అని మొదలుపెట్టి, పేరు, ఆఫీసు పేరు చెప్పి, ఎప్పటిలోగా తిరిగి ఫోన్ చేస్తారో చెబితే చాలు. రెండు భాషలూ కలిపి 30 సెకన్లు దాటితే ఎవరూ ఆగి వినరు. కందం నాలుగు పాదాలూ నిదానంగా చదివితే అందులో సగం పద్యానికే పోతుంది.

ఓరుగల్లు చదువరి:
‘జె’ మీద ఇంత తర్జనభర్జన జరుగుతుండగా, ఆ ‘జె’ నిస్సందేహంగా ఉన్న చోటును ఎవరూ తలచుకోకపోవడం ఆశ్చర్యంగా ఉంది. పోతన గజేంద్రమోక్షంలోని ‘సిరికిం జెప్పడు’. అదే క్రియ, అదే అక్షరం. ‘సిరికిన్’ చివర ద్రుతం ఉంది కనుక పేచీయే లేదు. ఆ పద్యం పొడవునా ద్రుతాల వరుసే: ‘పరివారంబును జీరడు’, ‘అభ్రగపతిం బన్నింపడు’. మాష్టారికి మనవి, ‘చీరు’ అంటే పిలవడమే. స్వామి లక్ష్మికి చెప్పకుండా, పరివారాన్ని పిలవకుండా, గరుడుణ్ణి సిద్ధం చేయకుండా బయలుదేరాడు. అంటే ఇంట్లో ఒక్క మాట కూడా చెప్పి ఉంచలేదు. ఇక ఇవతల మొసలి నోట చిక్కినవాడేమో ‘కలడు కలండనెడువాడు కలడో లేడో’ అంటున్నాడు. వాయిస్‌మెయిల్‌కు తగిలిన ప్రతివాడి మనసులోని మాటా అదే కదా! ఆడిటరుగారికి పద్యమే కావాలంటే సుమతిని విడిచి మా బమ్మెరవారి దగ్గరికి రావడం మంచిది.

తెనాలి మాష్టారు:
‘మా బమ్మెర’ అన్నందుకు, పోతన మావాడనే ఒంటిమిట్ట వాళ్ళు ఎవరైనా ఈ గుంపులో ఉంటే రేపటికి వేరే చర్చ మొదలవుతుంది. దాన్ని తమరే చూసుకోవాలి. పోతన ‘జె’ను నేను కాదనలేదు. ‘సిరికిన్’లో ద్రుతం కళ్ళకు కనిపిస్తూనే ఉంది. ‘ఎవ్వరు’లో ఉందని అరసున్నగారు ఊహిస్తున్నారు. ‘చెప్పినను’ అనే అర్థం ‘చెప్పిన’లోనే ఉన్నప్పుడు ‘ఎవ్వరును’ అని ఇంకొక ‘ను’ ఎందుకు? ఒక తలుపుకు రెండు తాళాలు వేసినట్టు ఉంది.

అరసున్న:
‘ఎవరైనా చెప్పినా’ అని మనం రోజూ అంటూనే ఉన్నాం. రెండు తాళాలు వేసుకోవడం మన జాతికి అలవాటే.

డాలస్ పద్దులు:
అయ్యా, అక్షరం తేలకముందే అర్థం దగ్గర కొత్త ఇబ్బంది వచ్చింది. నిన్న ‘చె’తో పలికి, నాలుగు పాదాలూ రికార్డు చేసి, పాత క్లయింటు ఒకాయనకు వినిపించాను. ఆయన ఇద్దరు పిల్లలను చదివించుకుంటున్న మర్యాదస్తుడు. ఒకటికి రెండుసార్లు విని, ‘వేగపడక అంటే మీరు తిరిగి ఫోన్ చేయడం ఆలస్యమవుతుందనా?’ అని అడిగారు. తరువాత కాసేపు ఆగి, ‘కల్ల నిజము దెలిసిన అన్నారు, నేను చూపించిన విరాళాల రసీదుల మీద మీకేమైనా అనుమానమా?’ అన్నారు. నాకు నోట మాట రాలేదు. పన్ను లెక్కలు చూసేవాడి ఫోన్‌లో ఆ మూడో పాదం ఎలా వినిపిస్తుందో నాకు ముందే తోచవలసింది.

విశాఖ గొంతు:
అందుకే మొదటి పాదం దగ్గరే ఆపండి. మంగలి అద్దంలా పద్యంలో ఎవరి ముఖం వారికి కనిపిస్తుంది. ఒక్క పాదం అయితే ‘చెప్పండి, వింటాను’ అనే మర్యాద మాత్రమే మిగులుతుంది.

ఓరుగల్లు చదువరి:
ఒక్క పాదంలోనూ ఆ మర్యాద ఉందని నాకు నమ్మకం లేదు. ‘తగు’ అంటే ఏమిటి? ‘వినవలెను’ అంటే విధి అయింది. ‘వినవచ్చును’ అంటే, ఎవరో ఒకరు వాగితే వినడంలో నష్టం లేదన్నట్టు అయింది. మాకు బడిలో తాత్పర్యం ‘ఎవరు చెప్పినా వినవచ్చును’ అనే నేర్పించారు. ఆ లెక్కన ఫోన్ చేసినవాడితో ‘నీలాంటివాడు చెప్పినా వింటాను’ అన్నట్టు ఉంటుంది.

తెనాలి మాష్టారు:
అమ్మా, తమరు ‘తగు’ను మరీ సాగదీస్తున్నారు. అది యోగ్యతను చెప్పే మాట. వినడానికి తగింది కనుకనే వినదగును. అసలు చిక్కంతా ‘వివరింపదగున్’ దగ్గర ఉంది. నేటివారికి వివరించడం అంటే ఎదుటివాడికి విడమరచి చెప్పడం. విన్నవాడే వివరించడం ఏమిటని పిల్లలు నన్ను ప్రతి ఏడూ అడిగేవారు. సంస్కృతంలో ‘వృ’ అంటే కప్పడం, ‘వి’ చేరితే కప్పినదాన్ని తెరవడం. కనుక విన్న మాట మీది మూత తీసి లోపల ఏముందో చూసుకోవాలని కవి భావం. ఇది తెలిస్తే డాలస్ క్లయింటు అంత నొచ్చుకొని ఉండేవారు కాదు.

అరసున్న:
ఇంకా ఎక్కువ నొచ్చుకొని ఉండేవారు. మూత తీసి రసీదులు చూస్తామనే కదా దాని అర్థం!

విశాఖ గొంతు:
‘వదలండి’ గురించి అడిగారు, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. మేము వదిలేది గాలిపటాన్ని, పశువులను, తర్పణంలో నీళ్ళను. ఇవ్వవలసినవాడు ఇవ్వకపోతే ఆ బాకీకి నీళ్ళు వదులుకుంటాం. సందేశాన్ని వదలమంటే, దానికి జవాబు మీద ఆశ కూడా వదలమన్నట్టు నా చెవికి వినిపిస్తుంది. ‘మీ పేరు, నంబరు, పని ఏమిటో చెప్పి ఉంచండి’ అంటే సరిపోతుంది. ‘కబురు చెప్పి ఉంచండి’ అన్నా అందంగా ఉంటుంది.

ఓరుగల్లు చదువరి:
‘కబురు’ అరబ్బీ ‘ఖబర్’ నుంచి వచ్చిందని అభ్యంతరపెట్టేవారు రాకముందే చెబుతున్నాను, నాకు అభ్యంతరం లేదు. అయితే మా వైపు ‘చెప్పి పెట్టండి’ అంటాం. ‘ఉంచండి’ అంటే ఆ మాట అక్కడే ఉండిపోతుందేమో అనిపిస్తుంది. మరొకటి, ముగింపులో ‘సెలవు’ అనకండి. పన్నుల రోజుల్లో ఆ మాట వింటే ఆఫీసుకు సెలవనుకుంటారు.

డాలస్ పద్దులు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం కారు పక్కకు ఆపి, అద్దాలు ఎక్కించి, నాలుగోసారి రికార్డు చేశాను. తెలుగు భాగం ఇది: ‘నమస్కారం. నేను ఇప్పుడు ఫోన్ ఎత్తలేకపోతున్నాను. వినదగు నెవ్వరు చెప్పిన అన్నారు పెద్దలు; బీప్ వినిపించాక మీ పేరు, ఫోన్ నంబరు రెండుసార్లు నిదానంగా, ఏ సంవత్సరపు రిటర్నో చెప్పి ఉంచండి. సోషల్ సెక్యూరిటీ నంబరు మాత్రం ఇక్కడ చెప్పవద్దు. రేపు సాయంత్రంలోగా నేనే ఫోన్ చేస్తాను. ఉంటాను.’ ఇంగ్లీషుతో కలిపి 28 సెకన్లు వచ్చింది. అక్షరం విషయంలో, రాత ప్రతిలో ‘చె’ ఉంది కానీ, పలికేటప్పుడు తాతగారు అడ్డం వచ్చారేమోనని నాకే అనుమానంగా ఉంది. నా గొంతు నేను తిరిగి వినుకోలేను.

అరసున్న:
‘అన్నారు పెద్దలు’ దగ్గర యతి చెడలేదు కానీ గౌరవం చెడింది. బద్దెనదని చెప్పుకునే పద్యానికి కనీసం ‘సుమతీకారుడు’ అనవలసింది. పలికింది ‘జె’ అయి ఉంటే నా వాదం నెగ్గినట్టే. ఎవరైనా విని చెప్పాలి.

తెనాలి మాష్టారు:
ఆ అక్షరం వినడానికే నిన్న మా ఇంట్లో తెల్లవారుజామున లేచి, అంతర్జాతీయ చార్జీలకు వెనుదీయకుండా, ఆయన ఆఫీసు నంబరుకు ఫోన్ చేశాను. రెండో రింగుకే ఆయన ఎత్తారు.